ఊలా, నూలా? సాక్సులు అల్లే ముందు ఒక నల్లగొండ ఇంటి లెక్క

వంద రూపాయలకు మూడు జతల సాక్సులు దొరుకుతుంటే, ఒక్క జత కోసం ఇరవై గంటలు కూర్చోవడం ఏంటని మా ఆడబిడ్డ ప్రతి సంక్రాంతికీ అడుగుతుంది. డబ్బు లెక్కలో ఆమెదే గెలుపు, వాదించను. సాక్సుల కోసమే తయారయ్యే ఊలు వంద గ్రాముల ఉండ ఆన్‌లైన్‌లో తెప్పిస్తే నాకు ఏడెనిమిది వందలు పడింది. ఆ డబ్బుతో క్లాక్ టవర్ సెంటర్‌లో ఇంటిల్లిపాదికీ రెండేళ్లకు సరిపడా కొనుక్కోవచ్చు. అందుకే కొన్నవి మేలా, అల్లినవి మేలా అనే పంచాయితీ ఇక్కడ పెట్టను. రోజూ సాయంత్రం సీరియల్ టైముకి చేతులకు ఏదో ఒక పని కావాలి, ఆ పని సాక్సులే అనుకున్నాక వచ్చే ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఏ దారం? ఏ సూదులు? పైనుంచి మొదలుపెట్టాలా, వేళ్ల నుంచా?

ముందు దారం సంగతి. మాది పత్తి జిల్లా. దసరా దాటితే జిన్నింగ్ మిల్లుల ముందు పత్తి బండ్లు బారులు తీరుతాయి. మేలో ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. ఇలాంటి చోట గొర్రె ఊలుతో సాక్సులేంటని ఎవరికైనా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. అందుకే మొదటి జత తెల్లటి నూలు దారంతో అల్లి మావారికి ఇచ్చాను. ఆయన టీచరు, రోజూ బూట్లు వేసుకుంటారు. సూదుల మీద ఉన్నంతకాలం ఆ జత ముచ్చటగానే ఉంది. మూడోసారి తొడుక్కున్న రోజు అసలు రంగు బయటపడింది. పొద్దున పిక్క సగం దాకా లాక్కున్న సాక్సులు, ప్రేయర్ అయ్యేలోపు చీలమండ దగ్గర కుప్పగా కూర్చున్నాయట. సాయంత్రం బూటు విప్పి చూస్తే మడమ భాగం తిరిగిపోయి అరికాలి కిందికి వచ్చింది. అక్కడ పడ్డ మడత అచ్చు ఆయన పాదం మీద ఎర్రగా దిగింది.

తప్పు అల్లికది కాదు, నూలు గుణమే అంత. సాగుతుంది కానీ మళ్లీ వెనక్కి రాదు. ఊలు పోగు స్ప్రింగులా వంకీలు తిరిగి ఉంటుంది కాబట్టి సాగినా తిరిగి కాలిని పట్టుకుంటుంది. షాపులో కొన్న కాటన్ సాక్సులు జారడం లేదు కదా అంటే, వాటిని ఆపేది పత్తి కాదు, అందులో కలిపిన ఎలాస్టిక్కూ నైలానూ. చెమట విషయంలోనూ నూలు మనం అనుకున్నంత మేలు చేయదు. పీల్చుకుంటుంది, కానీ ఆ తడి కాలికే అంటుకుని ఉంటుంది. ఊలు తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పట్టుకున్నా పైకి తడిగా అనిపించదు.

ఈ మాట మన ప్రాంతంలో కొత్తేమీ కాదు. కురుమల భుజాన గొంగడి ఏడాది పొడవునా ఉంటుంది. వానకూ అదే, చలికీ అదే, మధ్యాహ్నం చెట్టు కింద పరుచుకోవడానికీ అదే. అది చూసే నాకు ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. మహబూబ్‌నగర్ వైపు మా అమ్మమ్మ ఊళ్లో గొంగళ్లు నేసే ఇంటి నుంచి వడికిన నల్ల ఊలు కొంచెం తెచ్చుకున్నాను. దక్కనీ గొర్రె ఊలు అది, చేతికే గరుకు తెలుస్తుంది. ఒక సాక్సు పూర్తిచేసి తొడుక్కుంటే కాలికి గోగునార చుట్టుకున్నట్టు ఉంది. పది నిమిషాల్లో విప్పేశాను. గొంగడికి ఆ గరుకే బలం. నేశాక చింతగింజల గంజి పట్టించి ఇంకా బిరుసు చేస్తారు. పాదానికి మాత్రం అది పనికిరాదు. ఆ ఒక్క సాక్సు ఇప్పుడు మా ఇంట్లో కత్తెరకు ఒర.

సాక్సులకు కుదిరేది మెరీనో రకం సన్నటి ఊలు, అందులో నైలాన్ కలిపినది. 75 శాతం ఊలు, 25 శాతం నైలాన్ అని చీటీ మీద రాసి ఉంటుంది. వంద గ్రాములకు సుమారు 400 మీటర్లు వస్తుంది, పెద్దవాళ్ల జతకు సరిపోతుంది. నైలాన్ ఎందుకంటే మడమ అరగకుండా. వట్టి ఊలైతే బూటు రాపిడికి ఒక్క చలికాలంలోనే కన్నం పడుతుంది.

మరి ఎండాకాలం? మార్చి తర్వాత మేం ఏ సాక్సులూ తొడగం, ఊలువీ కాదు నూలువీ కాదు. శివరాత్రికి చలి శివశివా అని పోతుంది, దాంతో పాటే సాక్సులు బీరువాలోకి పోతాయి. వేపాకు వేసి పెడతాను. కలరా ఉండల వాసన ఎన్ని నీళ్లు పోసినా ఊలును వదలదు. అల్లడం మాత్రం ఏప్రిల్‌లోనూ ఆగదు, కాకపోతే అరచేయి చెమటకు దారం సూదికి అతుక్కుంటుంది. పక్కన గిన్నెలో కాస్త పౌడర్ పెట్టుకుని కూర్చుంటాను.

ఊలుకు ఉన్న ఒకే ఒక్క పెద్ద లోపం ఉతుకు. వేడినీళ్లూ, మెషిన్ కుదుపూ కలిస్తే పోగుల మీది పొలుసులు ఒకదాన్నొకటి పట్టేసుకుని బట్ట గట్టిపడి కుంచించుకుపోతుంది. నా రెండో జత అట్లాగే పోయింది. తొమ్మిది నంబరు కాలికి అల్లింది పక్కింటి పాపకు కూడా పట్టలేదు. ‘సూపర్‌వాష్’ అని రాసి ఉన్నది కొంటే ఈ టెన్షన్ చాలావరకు తప్పుతుంది. నేనైతే అదీ చల్లనీళ్లలో చేత్తోనే ఉతుకుతాను.

మన ఊళ్లో ఫ్యాన్సీ షాపుల్లో ‘ఊలు’ అని అమ్మేది ఎక్కువగా యాక్రిలిక్ అనే కృత్రిమ దారం. దాన్ని తీసిపారేయొద్దు. నేర్చుకునేటప్పుడు అదే నయం. చవక, ఎన్నిసార్లు విప్పి అల్లినా ఓర్చుకుంటుంది. డిసెంబరు పొద్దున షాబాదు బండల మీద తిరగడానికీ బాగుంటుంది. ఎటొచ్చీ నున్నటి బండల మీద జారతాయి, ముసలివాళ్లు జాగ్రత్త. బూట్లలో మాత్రం వద్దు, సాయంత్రానికి వాసన.

సూదుల దగ్గర నా మనసు రెండుసార్లు మారింది. మొదట రెండు కొసలా మొన ఉన్న సూదుల సెట్ వాడాను. ఐదు సూదులు: కుట్లు నాలుగింటి మీద, అల్లేది ఐదోదానితో. చేతిలో ముళ్లపంది ఉన్నట్టు ఉంటుంది, వారంలో అలవాటైపోతుంది. సాక్సుకు మడమ వంపు అల్లేటప్పుడు ఏ కుట్టు ఎక్కడుందో కళ్లకు కడుతుంది. కష్టం బయటికి వెళ్లినప్పుడే. హైదరాబాద్ బస్సులో నార్కట్‌పల్లి దాటి హైవే ఎక్కాక సంచి తీశాను. చిట్యాల దగ్గర డ్రైవర్ బ్రేక్ వేశాడు, ఒక సూది జారి సీట్ల కిందికి దొర్లిపోయింది. పదహారు కుట్లు నోళ్లు తెరుచుకుని నా చేతిలో ఉన్నాయి. ఊపిరి బిగబట్టి, ఒక్కటి కూడా జారకుండా ఇంకో సూదికి ఎక్కించేసరికి చౌటుప్పల్ వచ్చింది. ముందు సీటు పెద్దమ్మ తన బుట్ట కింది నుంచి తీసి, “ఇగో బిడ్డా, నీ పుల్ల గిటొచ్చింది” అని ఇచ్చింది.

ఆ తర్వాత కేబుల్ సూది (ఇంగ్లీషులో సర్క్యులర్ నీడిల్) కొన్నాను. రెండు సూదుల మధ్య సన్నని ప్లాస్టిక్ తీగ ఉంటుంది. 80 సెంటీమీటర్లకు తక్కువైతే ఇబ్బంది, 100 అయితే హాయి. సగం కుట్లు తీగ మీద, సగం సూది మీద పెట్టుకుని, ప్రతి అర చుట్టుకూ తీగను లాక్కుంటూ పోవాలి. ఆ లాగడంతో టైమ్ కొంచెం ఎక్కువ పడుతుంది. కానీ ఏదీ కింద పడదు. ఐదు సూదుల పద్ధతిలో సూదులు కలిసే చోట్ల నిచ్చెన మెట్లలా వదులు గీతలు నాలుగు వస్తాయి, ఇందులో రెండే. ఇంట్లోనే అల్లేవాళ్లకు ఏదైనా ఒకటే. ఒక్కటే కొంటామంటే మాత్రం కేబులే కొనండి. కొత్త తీగ చుట్టలు చుట్టుకుని సతాయిస్తే ఒక్క నిమిషం వేడినీళ్లలో ముంచితే సాపవుతుంది.

సైజు దగ్గర ఒక తిరకాసు ఉంది. షాపుల్లో ఇప్పటికీ నడిచేది పాత ఇంగ్లండ్ నంబర్లు, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం. యూట్యూబ్‌లో అమెరికావాళ్లు ఒకటో నంబరు అనేది మన దగ్గర 13, రెండూ 2.25 మిల్లీమీటర్లే. నంబరు అడగకుండా మిల్లీమీటర్లే అడగండి. ఆ సూదితో ఆడవాళ్ల కాలికి ఒక్కో చుట్టుకు 64 కుట్లు సరిపోతాయి. ఒక్కో సాక్సుకు తొమ్మిది వేల పైచిలుకు కుట్లు పడతాయని ఒకరోజు కూర్చుని లెక్కేశాను. ఆడబిడ్డకు చెప్పలేదు.

క్రోషియాతో అల్లొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. అల్లొచ్చు, త్వరగా అవుతుంది. కానీ ఆ ముడులు అరికాలికి గులకరాళ్లలా తగులుతాయి, దారం ఎక్కువ తింటుంది, సాగదు. దాన్ని టేబుల్ క్లాత్‌లకు ఉంచుకోండి.

పైనుంచా, వేళ్ల నుంచా అన్నది మా అత్తమ్మ తేల్చింది. ఆమెది మర్రిగూడ వైపు. చిన్నప్పుడంతా ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మనిషి, మోకాళ్లు పూర్తిగా వంగవు. మంచం మీద కూర్చుని, వేళ్ల కొసకు సాక్సు తగిలించి లాక్కోవాలి, అందుకే మూతి వదులుగా ఉండాలి. నేను వేళ్ల నుంచి మొదలుపెట్టాను. దానిలో లాభం ఉంది: ఉండను తూకం వేసి సగం చేసుకుంటే, ఒక్కో కాలికి దారం అయిపోయేదాకా పొడవు పెంచుకోవచ్చు, గజం కూడా మిగలదు. చిక్కల్లా చివర్లో కుట్లు మూసేటప్పుడు. మామూలుగా మూస్తే మూతి బిగుసుకుంటుంది. రాత్రి విప్పేసరికి పిక్క చుట్టూ గీత. “సాక్సు కాదే ఇది, కాలికి కడియం పెట్టినవ్” అంది అత్తమ్మ. అప్పటినుంచి పైనుంచే. మొదటి వరుస రెండు సూదులు కలిపి పట్టుకుని వేస్తాను, ఆ వదులు చివరిదాకా ఉంటుంది. మడమకు సగం కుట్లు, అంటే 32, తీసుకుని ఒకటి అల్లుతూ, ఇంకోటి అల్లకుండానే అవతలి సూదికి దాటిస్తూ పోతే అక్కడ బట్ట రెండింతల మందం వస్తుంది.

ఇక రంగులు. రెండు దారాలతో పువ్వులు అల్లడం చూడ్డానికి గొప్పే, కానీ లోపలివైపు దారాలు వదులుగా వేలాడతాయి. నా మెట్టెలు ప్రతిసారీ వాటికే తగులుకుంటాయి. మెట్టెలున్న కాళ్లకు ముందే చారలుగా రంగులద్దిన ఒంటి దారం మేలు. అల్లుతూ పోతే చారలు వాటంతటవే వస్తాయి, లోపల నున్నగా ఉంటుంది. అసలు ఈ విద్య మనకు పాతదే. పోచంపల్లిలో, పుట్టపాకలో నేయడానికి ముందే దారానికి ముడులు కట్టి రంగులద్దుతారు కదా, ఇదీ ఆ కోవదే.

చెప్పులతో తొడుక్కోవాలంటే మామూలు సాక్సు కుదరదు, బొటనవేలు వేరుగా ఉండాలి. ఇదీ కొత్త ముచ్చట కాదు. ఈజిప్టులో దొరికిన ఒక జత లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది, క్రీ.శ. 250-420 మధ్యవి. చెప్పుల కోసం ముందు భాగం రెండుగా చీల్చి ఉంటుంది. అవి మన రెండు సూదుల అల్లిక కాదు, ఒకే సూదితో చేసిన ఇంకో పద్ధతి. ఆ ఫొటో చూసే నేనూ ప్రయత్నించాను. 64 కుట్లలో 22 బొటనవేలికి వదిలాను. మెట్టెల గొడవ దీంతో తీరదు, అవి రెండో వేలికి కదా. చెప్పుల గొడవ మాత్రం తీరింది. వేలు విడిపోయే చోట చిన్న కన్నం పడితే మిగిలిన తోకదారంతో రెండు కుట్లు వేసి మూశాను. ఎడమ కాలిది అయి రెండు నెలలైంది. కుడిది ఇంకా సూది మీదికి ఎక్కలేదు.