పెద్ద జట్టు ఓడిన మర్నాడు: ర్యాంకులు ఎవరు వేస్తే న్యాయం?

2024 అక్టోబరు 5న నాష్‌విల్‌లో వాండర్‌బిల్ట్ జట్టు 40-35తో అలబామాను ఓడించింది. అలబామా అప్పటికి అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో నంబర్ వన్. మ్యాచ్ అయిపోగానే కుర్రాళ్లు మైదానంలోకి దూకారు. గోల్ స్తంభాన్ని పీకి, భుజాలకెత్తుకుని ఊరి నడిబొడ్డు మీదుగా ఊరేగించి, తీసుకెళ్లి కంబర్లాండ్ నదిలో పడేశారు. మర్నాడు విలేకరుల ఓట్లతో వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ వేసే ర్యాంకులు వచ్చాయి. ఓడిన అలబామా 7వ స్థానంలో ఉంది. గెలిచిన వాండర్‌బిల్ట్ మొదటి 25లో ఎక్కడా లేదు.

వాండర్‌బిల్ట్ అప్పటికే రెండు మ్యాచ్‌లు ఓడింది కాబట్టి ఒక్క గెలుపుతో అందలం ఎక్కించాలని నేను అనను. ఆ ఓటమికి ఆరు మెట్లే ఎందుకు, ఎవరు లెక్కగట్టారు అన్నదే నా ప్రశ్న. అమెరికాలో చదువుకునే మన పిల్లలు ఇలాంటి ఆదివారాల్లో హాస్టల్ గదుల్లో గొంతు చించుకుని వాదించుకునేది కూడా దీని గురించే.

లెక్కగట్టడానికి ఇప్పటిదాకా మూడు దారులు వాడారు. విలేకరుల ఓట్లు, కంప్యూటర్ ఫార్ములా, ఎంపిక కమిటీ.

ఓట్ల పద్ధతి 1936 నుంచి ఉంది. సుమారు అరవై మంది విలేకరులు తలా 25 జట్ల జాబితా రాస్తారు. మొదటి జట్టుకు 25 పాయింట్లు, చివరి జట్టుకు ఒకటి. వీళ్లు ఆట కళ్లారా చూస్తారు, అది చిన్న విషయం కాదు. ఎటొచ్చీ మొదటి జాబితా ఒక్క మ్యాచ్ కూడా జరగకముందే, ఆగస్టులోనే తయారవుతుంది. తర్వాత ప్రతి వారం పాత జాబితాకే మార్పులు చేస్తారు. పైన మొదలైన జట్టు ఓడినా పైనే ఆగే అవకాశం ఎక్కువ. కింద మొదలైన జట్టు గెలిచినా మెట్టు మెట్టుగా ఎక్కాల్సిందే.

పైగా ఓటమికి ఒక ధరంటూ లేదు. 2007 సెప్టెంబరు 1న ఆన్ ఆర్బర్‌లో, లక్ష మందికి పైగా సొంత అభిమానుల ముందు, 5వ ర్యాంకు మిషిగన్ కింది డివిజన్ జట్టు అపలాచియన్ స్టేట్ చేతిలో 34-32తో ఓడింది. చివరి క్షణాల్లో గోల్ స్తంభాల మధ్యకు మిషిగన్ తన్నిన 37 గజాల ఫీల్డ్ గోల్ కిక్‌ను అపలాచియన్ ఆటగాడు కోరీ లించ్ అడ్డుకుని, బంతి పట్టుకుని పరుగు తీశాడు. మిషిగన్ ఒక్క దెబ్బకు 25లోంచే బయటపడింది. 2024లో నోటర్ డామ్‌ది కూడా 5వ ర్యాంకే, అదీ సొంతగడ్డ మీదే నార్తర్న్ ఇల్లినాయికి 16-14తో తలవంచింది. దాన్ని 18కి దించి ఆపారు. ఇంకా ఘోరం, 2007లో కింది డివిజన్ జట్లకు ఓటు వేసే వీలే లేదు. చరిత్ర సృష్టించిన అపలాచియన్ స్టేట్‌కు జాబితాలో చోటే లేకపోయింది. ఆ నిబంధన తర్వాత మార్చారు.

ఇక ఫార్ములా. 1998 నుంచి 2013 దాకా ఫైనల్ ఆడే రెండు జట్లను ఓట్లూ కంప్యూటర్లూ కలిపి తేల్చేవారు. ఆ కంప్యూటర్ లెక్కల్లో ఖగోళ శాస్త్రవేత్త వెస్ కోలీది ఒకటి. ఇందులో ప్రతి జట్టూ 0.5తో మొదలవుతుంది. ఒకటి గెలిస్తే మూడింట రెండు, ఓడితే మూడింట ఒకటి. ఆపైన ప్రత్యర్థుల బలాన్ని కలిపి అన్ని జట్లకూ ఒకేసారి లెక్క తేలుస్తారు. పేరు, పాత వైభవం, ఎంత తేడాతో గెలిచారన్నది ఏదీ లోపలికి రాదు.

నాకు ఇందులో నచ్చింది ఇది: సంచలన ఓటమి ధర ఆ ఆదివారమే ఖరారైపోదు. వాండర్‌బిల్ట్ తర్వాత గెలుస్తూ పోతే అలబామా ఓటమి బరువు దానంతటదే తగ్గుతుంది. నార్తర్న్ ఇల్లినాయి నోటర్ డామ్‌ను కొట్టాక ఆడిన మొదటి మ్యాచ్‌లోనే బఫలో చేతిలో ఓడింది, దాంతో నోటర్ డామ్ మచ్చ ఇంకాస్త ముదురుతుంది. ఓట్లు వేసేవాళ్లు ఐదు వారాల కిందటి ఫలితాన్ని తవ్వి మళ్లీ తూచరు.

ఫార్ములాకూ తప్పులుంటాయి. 2001లో కొలరాడో చేతిలో 62-36తో చిత్తయిన నెబ్రాస్కా, విలేకరుల ఓట్లలోనూ కోచ్‌ల ఓట్లలోనూ నాలుగో స్థానంలో ఉండి కూడా ఫైనల్‌కు వెళ్లి మయామీకి 37-14తో లొంగింది. 2010లో కోలీ లెక్కలో ఒక మ్యాచ్ ఫలితం నమోదు కాక, లూసియానా స్టేట్, బాయిసీ స్టేట్ జట్ల స్థానాలు తారుమారయ్యాయి. ఆ తప్పు పట్టుకున్నది బయటి మనిషి. కోలీ తన లెక్క మొత్తం బయట పెట్టాడు కాబట్టే పట్టుకోగలిగాడు.

కమిటీలో ఆ వీలు లేదు. 2014 నుంచి ఛాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్‌లో ఎవరు ఆడాలో 13 మంది తలుపులు మూసుకుని కూర్చుని తేలుస్తున్నారు. మొదట్లో అందులో నాలుగు చోట్లే. 2023లో ఫ్లోరిడా స్టేట్ 13కి 13 గెలిచింది, తన కాన్ఫరెన్స్ (జట్ల కూటమి) టైటిల్ కూడా గెలిచింది. దాడిని నడిపించే ఆటగాడు, క్వార్టర్‌బ్యాక్ జోర్డాన్ ట్రావిస్ గాయపడ్డాడు కాబట్టి జట్టు మునుపటిలా లేదని పక్కనపెట్టి, ఒక మ్యాచ్ ఓడిన అలబామాకు నాలుగో చోటు ఇచ్చారు. తర్వాత సీజన్ చివరి మ్యాచ్ ఆరెంజ్ బౌల్‌లో ఫ్లోరిడా స్టేట్ జార్జియా చేతిలో 63-3తో ఓడిందిగా అని సమర్థించేవాళ్లున్నారు. ఆ రోజు ఫ్లోరిడా స్టేట్ ఆటగాళ్లు రెండు డజన్ల దాకా బరిలోకే దిగలేదు. ఆ స్కోరు చూపించి నిర్ణయాన్ని సమర్థించడం నాకు మింగుడుపడదు. గెలిచిన మ్యాచ్‌లకంటే, ఇకపై ఓడతారేమో అన్న అంచనాకు విలువ ఎక్కువైతే సీజన్ ఆడించడమెందుకు?

2024 నుంచి ప్లేఆఫ్‌కు 12 జట్లు వస్తున్నాయి. దానివల్ల గాయం కొంత మానింది. ర్యాంకులేని మిషిగన్‌కు సొంత మైదానంలో 13-10తో ఓడిన ఒహాయో స్టేట్ ఆ ఏడాదే ఛాంపియన్ అయింది. వాళ్లు ఫైనల్లో ఓడించింది నోటర్ డామ్‌నే. కానీ గొడవ నాలుగో చోటు నుంచి పన్నెండో చోటుకు జరిగింది, అంతే.

నన్నడిగితే ప్లేఆఫ్ చోట్లు ఫార్ములాకే ఇవ్వాలి, అదీ అందరూ చూసేలా ప్రచురించిన ఫార్ములాకు. విలేకరుల పోల్ ఉండనివ్వండి, ఆదివారం కబుర్లకు అంతకు మించింది లేదు. కమిటీకి రెండు జట్లు లెక్కలో సమానమైనప్పుడు మాత్రమే మాట ఉండాలి, ఆ మాటకు కారణం రాసి పెట్టాలి. ఒక్క షరతు: అక్టోబరు సగం గడిచేదాకా ఫార్ములా ర్యాంకులు బయట పెట్టకూడదు. అప్పటిదాకా జట్ల మధ్య మ్యాచ్‌లు తక్కువ, లెక్కకు ఆధారం చాలదు.