జేపీజీ మ్యాగజైన్: మా ఏడుగురికీ ఒక్కటే చందా

అమ్మ మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు, ఫ్రీమాంట్‌లో మా ఇంటి బల్లమీదున్న పత్రికను అటూ ఇటూ తిరగేసి, "ఇవన్నీ ఎవరు తీశారే?" అని అడిగింది.

"మనలాంటివాళ్లేనమ్మా. ఉద్యోగాలు చేసుకుంటూ, సెలవురోజున కెమెరా పట్టుకునేవాళ్లు."

"మరి నీదేదీ?"

"పంపాను. రాలేదు."

"రాకపోతే మళ్లీ పంపు. ఇంతమంది పంపట్లా?"

ఆ ఫొటోల పత్రిక పేరు జేపీజీ. 2006 నుంచి చదివాను, ఫొటోలు పంపాను, ఓట్లేశాను. నా దగ్గరున్న పన్నెండు సంచికలు మూడు ఇళ్లు, రెండు దేశాలు మారి ఇప్పుడు హైదరాబాద్‌లో నా అలమారలో ఉన్నాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా తీసి చూస్తూనే ఉన్నాను కాబట్టి, దాని గురించి రాసే హక్కు నాకుందనుకుంటున్నాను.

2004లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డెరెక్ పొవాజెక్, హెదర్ చాంప్ దంపతులు దీన్ని మొదలుపెట్టారు. ఫొటోలు పంచుకునే వెబ్‌సైట్ ఫ్లికర్‌లో సభ్యుల బాగోగులు చూసిన హెదర్ ఈవిడే. మొదటి ఆరు సంచికలు లులు అనే ఆన్‌లైన్ ముద్రణ సంస్థ ద్వారా వచ్చాయి. అంటే ఎవరైనా డబ్బు కట్టి అడిగితే అప్పుడు ఆ కాపీ అచ్చవుతుంది, గోడౌన్లో కట్టలు పేరుకోవు. 2006లో 8020 పబ్లిషింగ్ అనే సంస్థ పెట్టి, ఏడో సంచిక నుంచి పుస్తకాల షాపుల్లోకి తెచ్చారు. నేను చేయిచాచి అందుకున్నది ఆ ఏడోదే.

పద్ధతి తేలిక. ప్రతి సంచికకూ కొన్ని అంశాలు ప్రకటిస్తారు. ఎవరైనా ఫొటో పంపొచ్చు. సభ్యులు ఒక్కో ఫొటో చూసి ఔనో కాదో చెబుతారు. ఆ ఓట్లు చూసుకుని సంపాదకులు చివరి ఎంపిక చేస్తారు. అచ్చయినవాళ్లకు 100 డాలర్లు, ఒక ఏడాది చందా. వంద డాలర్లు పెద్ద మొత్తమేం కాదు, కానీ ఫొటోకి డబ్బు వస్తుందన్న సంగతే అప్పట్లో నాకు వింత. మా ఊళ్లో స్టూడియో పెట్టుకున్నవాళ్లకు తప్ప ఇంకెవరికీ ఫొటో మీద రూపాయి రావడం నేను చూడలేదు.

ఓటింగ్ దగ్గర కాస్త ఆగాలి. రాత్రి అన్నం తిన్నాక కూర్చుని వందల ఫొటోలకు ఓటేసేదాన్ని. కొన్నాళ్లకి నా చెయ్యి నాకే అర్థమైంది. సూర్యాస్తమయానికి ఔను. పెద్ద కళ్లున్న పసిపిల్లకి ఔను. ఖాళీ గదిలో కుర్చీకి కాదు. నెలల తర్వాత సంచిక వస్తే, నేను కాదన్నలాంటి కుర్చీయే ఒక పేజీ నిండా ఉండేది. పక్కన రెండు వాక్యాల్లో ఆ కుర్చీ ఎవరిదో ఉండేది. పేజీ తిప్పలేకపోయేదాన్ని. జనం ఓట్లకు ఒక పదును ఉంది, సంపాదకుల చూపుకు ఇంకో ఓపిక ఉంది. ఈ రెండూ కలిస్తేనే పత్రిక అవుతుందని నాకు నేర్పింది జేపీజీయే. ఓట్లొక్కటే మిగిలితే ఏమవుతుందో ఇవాళ మన ఫోన్లలో రోజూ చూస్తూనే ఉన్నాం.

అంశాల్లో నన్ను మార్చింది ఒకటుంది, 'ఎంబ్రేస్ ద బ్లర్'. మసక వస్తే తుడిచెయ్యకు, దగ్గరికి తీసుకో అని. ఆ ఏడాది జనవరిలో తెనాలిలో మా వీధి భోగిమంట తీసిన ఫొటో ఒకటి చెయ్యి కదిలి పాడైందని పక్కన పడేశాను. మంట ఒక నారింజరంగు చీరలాగా సాగిపోయి, చుట్టూ పిల్లలు నీడల్లా ఉన్నారు. ఈ అంశం చూశాక దాన్ని వెతికి తీసి పంపాను. అచ్చుకాలేదు. కానీ ఆ తర్వాత ఫొటో చెరిపేసే ముందు ఒక రాత్రి ఆగడం అలవాటైంది. ఆ భోగిమంట ఇప్పుడు మా హాల్లో గోడకుంది.

2007 మేలో స్థాపకులిద్దరూ బయటికి వెళ్లిపోయారు. మొదటి ఆరు సంచికల ఊసే లేకుండా 8020 సంస్థ పత్రిక చరిత్రను మార్చిందని డెరెక్ బహిరంగంగానే రాశారు. చదివిన రోజు మనసు కలుక్కుమంది. పత్రిక మాత్రం బాగానే వచ్చింది, అది ఒప్పుకోవాలి.

2009 జనవరి 1. కొత్త సంవత్సరం రోజున కబురొచ్చింది: జనవరి 5, సోమవారం మూసేస్తున్నాం. మాంద్యంలో ప్రకటనలు పడిపోయాయి. అచ్చు పత్రికకు కాగితం, ముద్రణ, తపాలా ఖర్చులు తగ్గవు కదా. వీళ్లదే ఎవ్రీవేర్ అనే యాత్రల పత్రిక 2008లోనే ఆగిపోయింది. అయినా నాకు ముందుగా అనుమానం రాలేదు. నాలుగు రోజులూ నా ఫొటోలు, వాటికింద రాసుకున్న మాటలు దించుకుంటూ కూర్చున్నాను.

ఆ రోజుల్లో బే ఏరియాలో మేము ఏడుగురం తెలుగువాళ్లం శనివారాలు కలిసి కెమెరాలు పట్టుకుని తిరిగేవాళ్లం. ఒక్కో లెన్సుకి అయిదారు వందల డాలర్లు పెట్టడానికి ఎవరూ వెనకాడలేదు. జేపీజీ చందా మాత్రం మా ఏడుగురికీ కలిపి ఒక్కటే, నాది. చేతులు మారి చివర్లు నలిగి నా దగ్గరికి వచ్చేది. దాన్ని 'మన పత్రిక' అనే అనేవాళ్లం. మన ఇల్లు అనుకుంటే కరెంటు బిల్లు కూడా మనమే కట్టాలన్న సంగతి అయిదో తారీఖు దాకా తట్టలేదు. మూసేస్తున్నారనగానే డబ్బిస్తామని ఎందరో ముందుకొచ్చారు, మేమూ వచ్చాం. ఆ మాట ముందు ఏడాది చందా రూపంలో చెప్పి ఉండాల్సింది.

పత్రిక వెంటనే పోలేదు. అదే ఫిబ్రవరిలో న్యూయార్క్ కెమెరా షాపు అడోరమా కొనుక్కుంది. నేను ఆ తర్వాత ఇండియా వచ్చేశాను.

పాత సంచికలు సెకండ్‌హ్యాండ్‌లో కనిపిస్తే కొనండి. కెమెరా గురించి నేర్చుకుందామని మాత్రం కొనకండి. లెన్సు పోలికలకు వేరే పత్రికలున్నాయి. ఒక అంశం ఇస్తే ఎక్కడెక్కడి మనుషులో ఎన్ని రకాలుగా చూస్తారో తెలుసుకోవాలంటే కొనండి. కంప్యూటర్‌లో ఒకేసారి ఇరవై చూసేయకుండా, రోజుకి నాలుగు పేజీలు చాలు.

2015 నుంచి ఆ ఏడుగురిలో అయిదుగురం ఏటా ఒక ఫొటో పుస్తకం వేసుకుంటున్నాం. అంశం అనుకుంటాం, అందరం ఓటేస్తాం, చివరి మాట మాత్రం ఆ ఏడాది సంపాదకులది. ముద్రణ డబ్బు ముందే సమానంగా వేసుకుంటాం, అప్పుడుగానీ ఫొటోలు అడగం. ఈసారి అంశం 'వాకిలి'. అమ్మ తన ఫోన్‌తో తీసి రెండు పంపింది. ఒకటి ముగ్గు, ఇంకొకటి తడి ఆరని నేలమీద చీపురు. ఓట్లన్నీ ముగ్గుకే పడ్డాయి. ఈ ఏడాది సంపాదకురాలిని నేను. చీపురు పెడుతున్నాను.