పిల్లలతో తిరుమల కొండకు: బస్సా, అలిపిరి మెట్లా?

బస్సులో గంటలోపే కొండ ఎక్కేస్తాం కానీ, ఘాట్ రోడ్డు మలుపుల్లో పిల్లలకు కడుపులో తిప్పుతుంది. మా చిన్నదానికి కింద రెండు ఇడ్లీలే పెట్టి, ముందు సీట్లో కూర్చోబెట్టి, ఫోన్ లాగేసుకున్నాకే వాంతులు ఆగాయి. ఏడవకుండా ఉంటుందని ఆ ఫోన్ ఇచ్చింది నేనే!

అలిపిరి దారిలో 3,550 మెట్లు. దారి మధ్యలో వచ్చే గాలిగోపురం దాకానే అసలు కష్టం. "ఇంకెంత దూరం నాన్నా?" అని పాతికసార్లు అడుగుతారు. ఆ తర్వాత జింకలు కనిపిస్తే కాళ్ల నొప్పే గుర్తుండదు. దారికి పైకప్పు ఉంది, తాగునీళ్లూ దొరుకుతాయి. 2023లో చిరుత దాడుల తర్వాత పిల్లలతో నడకకు వేళలు పెట్టారు కాబట్టి పొద్దున్నే బయలుదేరడం మేలు.

ఆరేడేళ్ల పిల్లలైతే నా ఓటు మెట్లకే. చంటిబిడ్డ ఉంటే బస్సే. జేబులో ఒక నిమ్మకాయ వేసుకోండి.