విజుఆల్గో: నాకు నచ్చింది ఆ ఇన్‌పుట్ బాక్సే

డేటా స్ట్రక్చర్స్ (కంప్యూటర్‌లో డేటాను అమర్చుకునే పద్ధతులు) చెప్పేవాళ్లకు విజుఆల్గో గురించి కొత్తగా పరిచయం అక్కర్లేదు. అల్గారిథమ్‌లు అడుగడుగునా ఎలా నడుస్తాయో కదిలే బొమ్మల్లో చూపించే ఈ వెబ్‌సైట్‌ను సింగపూర్ నేషనల్ యూనివర్సిటీలో స్టీవెన్ హలీం 2011లో మొదలుపెట్టారు. కొన్నేళ్లుగా సెకండియర్ ల్యాబ్‌లో వాడుతున్నాను. రంగులూ కదలికలూ ఎక్కడైనా దొరుకుతాయి గానీ, మన అంకెలు మనమే ఇచ్చుకునే ఆ చిన్న బాక్స్ ఉంది చూశారూ, నేను పడిపోయింది దానికే.

ఒకసారి బైనరీ సెర్చ్ ట్రీ (ప్రతి అంకెకూ చిన్నవి ఎడమకు, పెద్దవి కుడికి వేళ్లాడే చెట్టు) ల్యాబ్‌లో ఎవరికి తోచిన అంకెలు వాళ్లు ఇచ్చుకోండని వదిలేశాను. వెనక వరసలో కుర్రాడొకడు, బద్ధకమో ఏమో, 1 నుంచి 7 దాకా వరసగా కొట్టుకుంటూ పోయాడు. "మేడమ్, నా ట్రీ ఏంటి ఒక పక్కకే జారిపోతోంది, పాడైందా?" అన్నాడు. పాడవలేదు నాయనా, వర్స్ట్ కేస్ అంటే, వెతకడానికి అన్నిటికన్నా ఎక్కువ అడుగులు పట్టే పరిస్థితి అంటే, అదే! 7ను వెతకమంటే ఒక్కో నోడ్ (అంకె ఉన్న గుండ్రం) దాటుకుంటూ చిట్టచివరిదాకా పోయింది. ఒక పక్కకు ఒరిగితే తనే తిరిగి సర్దుకునే ఏవీఎల్ ట్రీకి మార్చి అవే అంకెలు మళ్లీ ఇమ్మన్నాను. 3 పడగానే 2 పైకొచ్చింది, 5 దగ్గర ఇంకోసారి తిరిగింది, 6 పడ్డప్పుడైతే ఏకంగా రూటే మారిపోయి 4 పైకెక్కి కూర్చుంది, ఆ పాటికి ల్యాబంతా వాడి సిస్టమ్ చుట్టూ మూగారు. 7 కూడా పడ్డాక చూస్తే మూడే వరసలు. రొటేషన్ (అలా తిప్పి సర్దడం) ఎందుకు చేయాలో ఆ బ్యాచ్‌కి మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

ఆ ఊపులో స్టాఫ్ రూమ్‌లో అందరికీ తెగ చెప్పేశాను గానీ, నేను ప్రొజెక్టర్ మీద ప్లే నొక్కి వాళ్లు చూసిన టాపిక్స్‌లో ఫలితం అంతంతమాత్రమే. అంకెల్ని వరసలో పెట్టే క్విక్ సార్ట్ చూసి అందరూ బుద్ధిగా తలూపారు, మిడ్ పరీక్షలో ఒక్క పార్టిషన్ (ఒక అంకెను పివట్‌గా పట్టుకుని చిన్నవి ఒక పక్కకు, పెద్దవి ఇంకో పక్కకు పంపడం) చేసి చూపించమంటే చాలామంది పివట్ దగ్గరే ఆగిపోయారు. బొమ్మ ఎలా ఉందన్నదాని కన్నా విద్యార్థి దానితో ఏం చేశాడన్నదే ముఖ్యమని హండ్‌హౌసెన్, డగ్లస్, స్టాస్కో అనే పరిశోధకులు 2002లోనే పాత ప్రయోగాలు కలిపి చూసి తేల్చారు. అందుకే ఇప్పుడు ముందు పాజ్ చేయిస్తాను, తర్వాత ఏ రెండు అంకెలు మారతాయో నోట్‌బుక్‌లో రాశాకే నెక్స్ట్ నొక్కనిస్తాను. విసుక్కుంటారు, అయినా రాస్తారు.

మా ల్యాబ్‌లో తలా ఒక సిస్టమ్, నెట్ ఉన్నాయి కాబట్టి నాకు సాగుతోంది. చిన్న ఫోన్ల కోసం చేసింది కాదని విజుఆల్గో వాళ్లే చెబుతారు, కాబట్టి ఇంట్లో ఫోనే గతి అయిన పిల్లలకు దీన్ని హోమ్‌వర్క్‌గా ఇవ్వను. డైనమిక్ ప్రోగ్రామింగ్ (చిన్న లెక్కల జవాబులు రాసిపెట్టుకుని పెద్ద లెక్క తేల్చడం) టేబుల్ మాత్రం ఇప్పటికీ సుద్దముక్కతోనే నింపిస్తున్నాను, ఒక్కో గడికి ఒక్కొక్కరిని బోర్డు దగ్గరకు పిలిచి.