పెన్షన్ లేని ఉద్యోగంలో పీపీఎఫ్ ఖాతా: ఇరవై రెండేళ్ల అనుభవం

గుంటూరులో ప్రైవేటు జూనియర్ కళాశాలల్లో గణితం బోధించి, అరవై ఏళ్లు నిండాక 2023 మే నెలలో విరమించాను. మా ఉద్యోగాలకు పెన్షన్ లేదు. ఉద్యోగుల భవిష్య నిధి (ఈపీఎఫ్) ఖాతా ఉన్న మాట నిజమే గాని, కళాశాల మారిన ప్రతిసారీ అందులోని సొమ్ము తీసి ఇంటి అవసరాలకు వాడేసుకున్నాను. ఆ విధంగా మూడుసార్లు చేతులు ఖాళీ అయిన తరువాత, నలభయ్యో ఏట, 2003 ఫిబ్రవరిలో పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ (పీపీఎఫ్) ఖాతా, అంటే పదిహేనేళ్ల గడువున్న ప్రభుత్వ పొదుపు ఖాతా, తెరిచాను. ఈ రోజు మా దంపతుల జీవనానికి ఆధారమైన వాటిలో మొదటిది అదే కాబట్టి, దాని గుణదోషాలు రెండూ నాకు తెలిసినంత వరకు వివరంగా రాస్తున్నాను.

నేను చేరినప్పుడు వడ్డీ తొమ్మిది శాతం. నెల తిరగకుండానే, 2003 మార్చి 1 నుంచి, ఎనిమిదికి దిగింది. అంతకు మూడేళ్ల ముందు వరకు పన్నెండు శాతం ఇచ్చిన పథకం అది. ఈ ఖాతాలో రేటు మన చేతిలో ఉండదని, ప్రభుత్వం మార్చినప్పుడల్లా పాత నిల్వకు కూడా కొత్త రేటే వర్తిస్తుందని నాకు అప్పుడే అర్థమైంది. 2012-13లో 8.8 శాతం దాకా పెరిగి, ఆ తరువాత మెట్లు దిగుతూ వచ్చి, 2020 ఏప్రిల్‌లో 7.1 దగ్గర ఆగింది. అయిదేళ్లు దాటినా అక్కడే ఉంది.

నా పాస్‌బుక్ మొదటి రెండు పేజీలు నీలి సిరాతో చేతితో రాసినవి, ప్రతి వరుస చివర గుమాస్తా పొడి సంతకం ఉంటుంది. మూడో పేజీ నుంచి ముద్రించిన అంకెలు. ఆ మొదటి పేజీల్లో జమ తేదీలు చూస్తే ఇప్పటికీ బాధ కలుగుతుంది: మార్చి 24, మార్చి 28, మార్చి 30. కళాశాలలో ఆదాయపు పన్ను లెక్కలు అడిగే రోజుల్లో మాత్రమే నాకు ఈ ఖాతా గుర్తుకు వచ్చేది. ప్రతి నెలా 5వ తేదీ ముగిసిన దగ్గర నుంచి నెలాఖరు వరకు ఖాతాలో ఉన్న అతి తక్కువ నిల్వ మీదనే ఆ నెల వడ్డీ లెక్క కడతారు. అంటే ఏప్రిల్ 5లోపు కట్టిన సొమ్ముకు ఏడాది పొడవునా వడ్డీ వస్తుంది, మార్చి చివర కట్టిన దానికి ఆ ఏడాది ఒక్క పైసా రాదు. గణితం చెప్పే మనిషిని, ఈ లెక్క వేసుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది. ఏటా లక్షన్నర చొప్పున పదిహేనేళ్లు 7.1 శాతం మీద కడితే, ఏప్రిల్ మొదట్లో కట్టినవారికి సుమారు 40.68 లక్షలు, మార్చి చివర కట్టినవారికి సుమారు 37.98 లక్షలు వస్తాయి. కట్టింది ఇద్దరూ ఒకే మొత్తం. తేడా 2.70 లక్షలు.

2014లో పద్ధతి మార్చుకుని, ఏప్రిల్ 4న లక్ష రూపాయలకు చెక్కు ఇచ్చాను. అది ఖాతాలో 8వ తేదీన పడింది. అప్పటి 8.7 శాతం మీద ఒక నెల వడ్డీ, 725 రూపాయలు, అలా పోయింది. అడిగితే జమ పడిన తేదీయే లెక్క అన్నారు. ఆ తరువాత ఏ సంవత్సరమూ ఏప్రిల్ 2 దాటనివ్వలేదు, చెక్కు కూడా ఇవ్వలేదు.

సొమ్ము తీసుకోవడంలో ఉన్న కట్టుబాట్ల గురించి చాలామంది విసుక్కుంటారు, నేనూ విసుక్కున్నాను. 2012లో అమ్మాయి ఇంజినీరింగు ఫీజు కోసం వెళ్లినప్పుడు ఖాతాలో సుమారు 4.8 లక్షలు ఉంది. అయితే నాలుగేళ్ల వెనకటి సంవత్సరాంతపు నిల్వ, కిందటి సంవత్సరాంతపు నిల్వ, ఈ రెంటిలో ఏది తక్కువైతే అందులో సగమే ఇస్తారు. 2009 మార్చి నాటికి నాకున్నది 2.4 లక్షలు, చేతికి వచ్చింది 1.2 లక్షలు. మిగిలిన ఫీజుకు నా భార్య గాజులు తాకట్టు పెట్టాం, ఏడాదిన్నరలో విడిపించుకున్నాం. ఆ రోజు మొత్తం ఇచ్చి ఉంటే మొత్తం తీసేసేవాణ్ని, భవిష్య నిధికి పట్టిన గతే దీనికీ పట్టేది. నాలాంటి మనిషికి ఈ పథకం చేసిన అతి పెద్ద ఉపకారం వడ్డీ కాదు, ఆ సగం ఇవ్వకపోవడమే అని ఇప్పుడు పూర్తిగా నమ్ముతున్నాను.

పదిహేనేళ్ల లెక్క విషయంలో కూడా పొరపాటు పడేవారు ఎక్కువ. ఖాతా తెరిచిన తేదీ నుంచి కాదు, ఆ ఆర్థిక సంవత్సరం ముగిసినప్పటి నుంచి పదిహేనేళ్లు లెక్కిస్తారు. నా ఖాతా గడువు 2018 మార్చి 31తో పూర్తయింది. ఏప్రిల్‌లో యథాప్రకారం లక్షన్నర కట్టాను, కార్యాలయంలో మారు మాట లేకుండా తీసుకున్నారు. గడువు తరువాత కూడా జమలు కొనసాగించాలంటే ఏడాదిలోపు పొడిగింపు ఫారం ఇవ్వాలని, ఇవ్వకుండా కట్టిన సొమ్ముకు వడ్డీ రాదని 2019 ఫిబ్రవరిలో మా సహోద్యోగి ఒకరు చెప్పేదాకా నాకు తెలియదు. మర్నాడే వెళితే, అదంతా దానంతట అదే జరిగిపోతుందని కౌంటరులోని ఉద్యోగి చెప్పి పంపేయబోయారు. నేను కదలలేదు. ఫారం హెచ్ నింపి, రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకునేసరికి మధ్యాహ్నమైంది. గడువుకు ఇంకా నెల రోజులుంది కాబట్టి బయటపడ్డాను. 2019 డిసెంబరులో వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం ఆ పని ఇప్పుడు ఫారం-4తో జరుగుతుంది. ముద్ర వేసిన ప్రతిని మాత్రం తప్పక దాచుకోండి.

ఇక లోపాలు. 2009 నుంచి 2013 వరకు ధరలు ఏటా పది శాతం దరిదాపుల్లో పెరుగుతుంటే నా సొమ్ము ఎనిమిది, ఎనిమిదిన్నర శాతంతో పెరిగింది. పాస్‌బుక్‌లో అంకె పెరిగింది గాని దాని కొనుగోలు శక్తి తరిగింది. దీర్ఘకాలంలో ధరల కంటే ముందుండే పెట్టుబడి దీని పక్కన ఒకటి ఉండాలని తెలుసుకుని నేను ఇండెక్స్ ఫండ్‌లో (షేర్ల సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్) నెలకు మూడు వేలు మొదలుపెట్టింది 2016లో, అంటే యాభై మూడో ఏట. పదిహేనేళ్లు ముందు మొదలుపెట్టవలసిన పని అది. ఈ ఆలస్యానికి పీపీఎఫ్‌ను తప్పు పట్టను, అదొక్కటే చాలనుకున్న నా అంచనా తప్పు. దీనికంటే పెద్ద తప్పు, దగ్గరి బంధువు మాట కాదనలేక ఇరవై ఏళ్లు కట్టిన ఒక ఎండోమెంట్ పాలసీ, అంటే బీమా, పొదుపు కలిపిన పాలసీ. గడువు తీరాక లెక్క వేస్తే ఏటికి అయిదు శాతానికి కాస్త అటూ ఇటూగా తేలింది.

రెండో లోపం, ఈ ఖాతా నెల నెలా ఆదాయం ఇవ్వదు. 2023 మార్చి 31న నా నిల్వ సుమారు 27 లక్షలు. మొత్తం మీద నేను కట్టింది 16 లక్షల లోపే. జీతం ఆగిపోతుందని తెలుసు కాబట్టి ఈసారి జమలు లేని పొడిగింపు ఎంచుకున్నాను. దానికి ఫారం అక్కర్లేదు. సంవత్సరానికి ఒకసారి ఎంతైనా తీసుకోవచ్చు, మిగిలినదానికి వడ్డీ నడుస్తుంది. అయితే ఏడాది దాటితే మళ్లీ జమలు కట్టే పద్ధతికి మారడం కుదరదు. మే నెలలో 12 లక్షలు తీసి సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేశాను. ఆ ఏప్రిల్ నుంచే దాని పరిమితి 15 లక్షల నుంచి 30 లక్షలకు, వడ్డీ 8.2 శాతానికి పెరిగాయి. మూడు నెలలకు 24,600 రూపాయలు, అంటే నెలకు 8,200 వస్తోంది. అయిదేళ్ల వరకు ఈ రేటు మారదు. ఆ వడ్డీ మీద పన్ను ఉంటుంది, పీపీఎఫ్ వడ్డీ మీద ఉండదు. కొత్త పన్ను విధానంలో కట్టిన సొమ్ముకు మినహాయింపు లేకపోయినా పీపీఎఫ్ వడ్డీ మాత్రం పన్ను లేనిదే.

పీపీఎఫ్‌లో మిగిలిన 15 లక్షలను వైద్య ఖర్చులకని ఉంచుకున్నాం. ఆరోగ్య బీమా ప్రీమియం ఏటా ఏప్రిల్‌లో అందులోంచే తీస్తాను. ఒక్కసారే తీయగలం కాబట్టి ఆ సంవత్సరానికి కావలసినదంతా ముందే అంచనా వేసుకుని, కొంత బ్యాంకు ఖాతాలో పెట్టుకోవాలి.

నామినేషన్ సంగతి చెప్పకుండా ముగించలేను. ఇందులో ఉమ్మడి ఖాతా ఉండదు. మాతో పనిచేసిన ఒక అధ్యాపకుడు నామినీ పేరు రాయకుండానే కాలం చేస్తే, ఆయన భార్య వారసత్వ పత్రాల కోసం ఏడాది పాటు ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఆమె వెంట రెండుసార్లు నేనూ వెళ్లాను. ఆ సాయంత్రమే నా పాస్‌బుక్ తీసి చూస్తే నామినీగా ఎప్పుడో గతించిన మా అమ్మ పేరు ఉంది. ఆ వారమే నా భార్య పేరుకు మార్పించాను.

పిల్లలు విదేశాల్లో ఉన్న కుటుంబాలు గమనించవలసినది ఒకటుంది. ప్రవాస భారతీయులు ఈ ఖాతా కొత్తగా తెరవలేరు. ఇక్కడ ఉండగా తెరిచినదాన్ని గడువు వరకు నడుపుకోవచ్చు, పొడిగించుకోవడం మాత్రం కుదరదు. మా అమ్మాయి 2016-17లో ఉద్యోగంలో చేరగానే ఖాతా తెరిచి, 2021లో అమెరికా వెళ్లింది. అక్కడే స్థిరపడితే ఆమె ఖాతా 2032 మార్చి 31తో ముగించవలసిందే. ఆ తేదీని నా పాస్‌బుక్ వెనుక అట్ట లోపల రాసి, నా భార్యకు చూపించి పెట్టాను.