చిన్న ల్యాప్‌టాప్‌లో లినక్స్: సొంత కెర్నెలా, డీకేఎంఎస్ మాడ్యూలా?

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత చిన్న ల్యాప్‌టాప్ కొని డెబియన్ లినక్స్ ఎక్కించుకున్నవారికి తరచూ ఎదురయ్యే చిక్కు వైఫై పనిచేయకపోవడం. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ (వైఫై చిప్ లాంటి పరికరాలను నడిపే చిన్న సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాలర్‌లోనే ఉంటున్నందున చాలామందికి ఆ చిక్కు అక్కడే తీరిపోతుంది. తీరకపోతే దారులు రెండు: లినక్స్‌కు గుండెకాయ అయిన కెర్నెల్‌ను దాని సోర్స్ నుంచి మీరే కంపైల్ చేసుకోవడం (అంటే యంత్రం నడపగల రూపంలోకి మార్చడం), లేదా కావలసిన డ్రైవర్‌ను మాత్రం కెర్నెల్‌కు తగిలే విడి ముక్కగా, అంటే మాడ్యూల్‌గా, డీకేఎంఎస్ అనే సాధనంతో చేర్చడం.

శ్రమ: సొంత కెర్నెల్‌కు ‘మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్’ ఆదేశం ఇస్తే అప్పటికి లోడై ఉన్న మాడ్యూళ్లే మిగిలి కంపైల్ సమయం బాగా తగ్గుతుంది, కానీ ఆ క్షణంలో తగిలించని పరికరాల డ్రైవర్లు జారిపోతాయి కాబట్టి వెబ్‌క్యామ్, పెన్‌డ్రైవ్ అన్నీ పెట్టాకే ఆ ఆదేశం ఇవ్వాలని గట్టిగా చెబుతాను. డీకేఎంఎస్‌కు కెర్నెల్ హెడర్లు (డ్రైవర్ కంపైల్‌కు కావలసిన కెర్నెల్ ఫైళ్లు), డ్రైవర్ ప్యాకేజీ చాలు.

ఖర్చు: రెండూ ఉచితమే. అయితే 2 జీబీ ర్యామ్ యంత్రంలో పూర్తి కెర్నెల్ కంపైల్‌కు గంటలు పడుతుంది.

ప్రమాదం: సొంత కెర్నెల్‌ను భద్రతా సవరణ వచ్చిన ప్రతిసారీ మీరే మళ్లీ కంపైల్ చేయాలి. డీకేఎంఎస్ అయితే కొత్త కెర్నెల్ వచ్చినప్పుడు డ్రైవర్‌ను తానే మళ్లీ కంపైల్ చేస్తుంది, కానీ డ్రైవర్ సోర్స్ పాతబడితే కొత్త కెర్నెల్‌పై కంపైల్ విఫలమై వైఫై పోతుంది. అందుకే పాత కెర్నెల్‌ను వెంటనే తొలగించకండి. సెక్యూర్ బూట్ (సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను అడ్డుకునే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే రెండింటికీ డిజిటల్ సంతకం కావాలి, రీబూట్‌లో వచ్చే నీలి తెరపై ఆ సంతకపు కీ నమోదు చేయాలి.

వైఫై ఒక్కటే లోపమైతే డీకేఎంఎస్ నయం. ఆడియో, టచ్‌ప్యాడ్‌ల కోసం కెర్నెల్ సోర్స్‌కే ప్యాచ్ (కోడ్ సవరణ) వేయాల్సి వస్తే సొంత కెర్నెలే తగినది. దాన్ని పెద్ద కంప్యూటర్‌లో కంపైల్ చేసి తెచ్చుకోవాలి.