పదకొండేళ్లు వాడాక: సీన్లు రాసుకునే ఇండెక్స్ కార్డుల గురించి

నా టేబుల్ సొరుగులో రబ్బరు బ్యాండు వేసిన ఏడు కట్టలున్నాయి. ఒక్కో కట్ట ఒక్కో స్క్రీన్‌ప్లే. పదకొండేళ్లుగా నేను సీన్లు రాసుకుంటున్నది ఈ కార్డుల మీదే. మూడంగుళాల ఎత్తు, అయిదంగుళాల వెడల్పు, ఒకవైపు గీతలు, ఇంకోవైపు ఖాళీ. కొత్తగా స్క్రిప్టు రాసేవాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు, ఇవి నిజంగా పనికొస్తాయా, రాయకుండా రోజులు గడపడానికి సాకా అని. రెండూ అవుతాయి. ఎప్పుడు ఏదవుతుందో తెలియడానికి నాకు నాలుగు స్క్రిప్టులు పట్టాయి.

నేను కార్డులు పట్టుకోవడానికి కారణం అమెరికన్ దర్శకుడు డేవిడ్ లించ్ చెప్పిన ఒక విషయం. ఆయన అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివేటప్పుడు ఫ్రాంక్ డేనియల్ అనే గురువు ఉండేవారు. ఒక్కో కార్డు మీద ఒక్కో సీన్ రాయండి, 70 కార్డులైతే సినిమా ఉన్నట్టే అని ఆయన నేర్పారట. లెక్క కూడా సరిపోతుంది. కొరియర్ ఫాంటులో 12 పాయింట్ల సైజులో, స్క్రీన్‌ప్లే పద్ధతిలో రాసిన పేజీ తెర మీద దాదాపు ఒక నిమిషం. సీన్ సగటున పేజీన్నర ఉంటే 70 సీన్లకు 105 నిమిషాలు. సినిమా అంత పెద్ద పని ఒక్కసారిగా చేతిలో పట్టే సైజుకు వచ్చిందనిపించింది. అంతకుముందు రెండేళ్లు ఒకే కథను ముప్ఫయ్యో పేజీ దాకా రాసి ఆపేస్తూ ఉన్న నాకు, ఆ 70 అనే అంకె ఇచ్చిన ధైర్యం చిన్నది కాదు.

ముందు కార్డు సైజు గురించి చెప్పాలి. మధ్యలో ఒక ఏడాది నాలుగంగుళాల ఎత్తు, ఆరంగుళాల వెడల్పు ఉన్న కార్డులు వాడాను. చోటు ఎక్కువుంటే మంచిదేగా అనుకున్నాను. చోటు ఉండేసరికి డైలాగులు రాయడం మొదలైంది. ఒకసారి మంచి డైలాగు పడ్డాక ఆ కార్డును తీసి పారేయడానికి చేతులు రావు. కార్డు ఉన్నదే తీసి పారేయడానికి. అందుకే మళ్లీ చిన్న కార్డుకే వచ్చాను. మూడు వరుసల్లో చెప్పలేకపోతే ఆ సీన్ నాకింకా తెలియలేదని అర్థం.

ఆ మూడు వరుసల్లో ఏం రాయాలో తెలియడానికి మాత్రం చాలా కాలం పట్టింది. మొదటి కట్టలో ఒక కార్డు ఇలా ఉంటుంది: “రాధ, అన్నయ్య గొడవ పడతారు.” ఇప్పుడైతే అదే సీన్‌ను ఇలా రాస్తాను: “ఇల్లు అమ్మకం కాగితాల మీద అన్నయ్య ముందే సంతకం పెట్టేశాడని రాధకు తెలుస్తుంది. ఏమీ అనదు. తాళంచెవి తీసి తన సంచిలో వేసుకుంటుంది.” మొదటి కార్డు చూసి రాయడానికి కూర్చుంటే రెండు పేజీల అరుపులు వస్తాయి. రెండో కార్డులో అరుపులకు చోటే లేదు, సీన్ మొదట్లో ఉన్న పరిస్థితి చివరికి మారిపోయింది, తర్వాతి సీన్‌కు ఒక తాళంచెవి మిగిలింది. తేడా అంతా అక్కడుంది.

రెండు కార్డుల మధ్య ఏ మాట పడుతుందో చూడటం నాకు బాగా ఉపయోగపడిన పద్ధతి. ‘సౌత్ పార్క్’ అనే అమెరికన్ కార్టూన్ సీరియల్ సృష్టికర్తలు ట్రే పార్కర్, మాట్ స్టోన్ 2011లో న్యూయార్క్ యూనివర్సిటీ విద్యార్థులకు చెప్పిన చిట్కా ఇది. సీన్ల మధ్య “ఆ తర్వాత” అన్న మాటే పడుతుంటే కథ నడవట్లేదు. “అందుకని” గానీ “కానీ” గానీ పడాలి. నేను కార్డులను నేల మీద పరిచి, ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు వెళ్తూ ఆ మాటను పైకే అంటాను. వరుసగా నాలుగుసార్లు “ఆ తర్వాత” అన్నానంటే అక్కడ లాగ్ ఉన్నట్టే. చదువుతున్నప్పుడు కన్ను దాన్ని క్షమిస్తుంది. పైకి అంటున్నప్పుడు నోరు క్షమించదు.

రంగు కార్డుల జోలికి వెళ్లొద్దంటాను. ఒక్కో పాత్రకు ఒక్కో రంగని మొదలుపెడితే చూడటానికి బాగుంటుంది, కానీ సగంలో ఆ సీన్ వేరే పాత్రది అయిపోతే? రంగు మారదు కాబట్టి మనమే మారకుండా ఉండిపోతాం. నేను తెల్ల కార్డే వాడి, మూలన పెన్సిల్‌తో చుక్క పెడతాను. రాధకు ఒక గుర్తు, అన్నయ్యకు ఒక గుర్తు. దూరం నుంచి చూస్తే ఎవరు ఎక్కడ మాయమయ్యారో తెలుస్తుంది. ఒక స్క్రిప్టులో తల్లి పాత్ర వరుసగా 19 కార్డుల్లో కనపడలేదు. ఆమె చనిపోయే సీన్‌కు ఎవరూ ఎందుకు కదలట్లేదో ఆ చుక్కలు చూశాకే నాకు తెలిసింది.

ఇక లోపం. ఇది చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను.

మూడో స్క్రిప్టుకు నేను కార్డులు గుచ్చి తయారు చేసిన బోర్డు నా జీవితంలోకెల్లా అందమైనది. 68 కార్డులు, ప్రతి రెండింటి మధ్యా “అందుకని” లేదా “కానీ”. వాటిని చూస్తూ ఇరవై నిమిషాల్లో కథ చెబితే విన్నవాళ్లంతా ఇక రాసేయమన్నారు. రాశాను. చదివితే ప్రాణం లేదు. ఏ సీన్ తీసుకున్నా మనుషులు కార్డు చెప్పిన పని చేసి వెళ్లిపోతున్నారు. ఒక చోట తమ్ముడు అంత అవమానం జరిగాక కూడా ఆ గదిలోనే నిలబడి ఉంటాడు. ఎందుకు? తర్వాతి కార్డులో అతనికి ఉత్తరం దొరకాలి కాబట్టి. రాస్తున్నప్పుడు అతను వెళ్లిపోవాలనుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. పిన్ను గుచ్చిన కార్డు కదలదు కాబట్టి అతన్నీ కదలనివ్వలేదు. ఆ స్క్రిప్టును ఆరు నెలలు బాగుచేశాను. బాగుపడలేదు.

కార్డుకు ఏం జరుగుతుందో తెలుసు. ఆ మనిషి ఎలా మాట్లాడతాడో, ఎక్కడ మాట మింగేస్తాడో తెలియదు. అది డైలాగు రాస్తేనే, అదీ ఒకటికి రెండుసార్లు రాస్తేనే బయటపడుతుంది. పాత్ర గొంతు తెలియకముందే ఆ పాత్ర చేసే పనులన్నీ ఖాయం చేసేయడం నా తప్పు. కార్డులు ఆ తప్పును చాలా సులువు చేస్తాయి, పైగా పని అయిపోయిందన్న తృప్తినిస్తాయి.

ఇంకో మోసం ఉంది. అన్ని కార్డులూ ఒకే సైజు. అర పేజీ సీన్, ఆరు పేజీల సీన్ నేల మీద పక్కపక్కన ఒకేలా కనిపిస్తాయి. షూటింగ్ షెడ్యూల్ వేసేవాళ్లు పేజీని ఎనిమిది భాగాలు చేసి సీన్ నిడివిని లెక్కిస్తారు. ఆ అలవాటే నేనూ తీసుకున్నాను. కార్డు కింది మూలన నిడివి రాస్తాను: నాలుగు ఎనిమిదోవంతులు, లేదా రెండు పేజీల మూడు ఎనిమిదోవంతులు. అప్పటి నుంచి మొదటి గంట ఎక్కడ బరువెక్కుతుందో ముందే కనపడుతోంది.

అయిదో స్క్రిప్టు నుంచి పద్ధతి తిరగేశాను. ఇప్పుడు డ్రాఫ్ట్‌కు ముందు పది, పన్నెండు కార్డులే రాస్తాను. కళ్లు మూసుకున్నా కనపడే సీన్లు మాత్రమే. ఇక ఎలా వస్తే అలా మొదటి డ్రాఫ్ట్ పూర్తి చేస్తాను. రెండు వారాలు దాన్ని ముట్టుకోను. ఆ తర్వాత ప్రతి సీన్ చదివి, పేజీ మీద నిజంగా ఉన్నదేంటో దానికి ఒక కార్డు రాస్తాను. నేను అనుకున్నది కాదు, ఉన్నది. ఈ తేడా పాటించడం కష్టం. మనసులో ఉన్నది పేజీ మీద కూడా ఉందనే అనిపిస్తుంది.

అయిదో స్క్రిప్టుకు అలా 83 కార్డులు వచ్చాయి. అందులో 11 సీన్లకు ఏం మారిందో ఒక్క వరుస కూడా రాయలేకపోయాను. మనుషులు వచ్చారు, మాట్లాడుకున్నారు, వెళ్లారు. ఆ ఖాళీ కార్డులను అలాగే వాటి చోట్లలో పెట్టి వారం రోజులు చూశాను. ఆరు తీసేశాను, ఎవరికీ తేడా తెలియలేదు. మూడింటిని పక్క సీన్లలో కలిపాను. రెండు మాత్రం ఉంచాను. ఒకటి, రాధ ఖాళీ గదిలో కూర్చుని ఉండే సీన్. అందులో ఏమీ మారదు, కానీ అది లేకపోతే తర్వాతి గొడవ మనసును తాకదు. మార్పు లేని సీన్ కూడా కొన్నిసార్లు కావాలి. ఎందుకు కావాలో చెప్పగలిగితే చాలు. ఆ స్క్రిప్టు సినిమా అయింది, ఆ గది సీన్ ఎడిటింగ్‌లో కూడా నిలిచింది.

కార్డులను ఎనిమిది కట్టలుగా విడదీసి చూడటం కూడా పనికొస్తుంది. అప్పట్లో వెయ్యి అడుగుల ఫిల్మ్ రీలు సుమారు 11 నిమిషాలు నడిచేది. సినిమాను ఎనిమిది సీక్వెన్స్‌లుగా, అంటే ఎనిమిది సీన్ల గుంపులుగా చూసే అలవాటుకు మూలం ఆ రీళ్లేనంటారు. నేను దీన్ని నియమంగా పెట్టుకోను, ఏ కట్ట బాగా లావుగా ఉందో చూడటానికి వాడతాను.

సాఫ్ట్‌వేర్‌లోని కార్డుల సంగతి. స్క్రీన్‌ప్లే రాసే సాఫ్ట్‌వేర్లు చాలావాటిలో ఈ సదుపాయం ఉంది, స్క్రివెనర్ అనే రచనా సాఫ్ట్‌వేర్‌లో కార్డులు గుచ్చిన బోర్డులా కనిపించే కార్క్‌బోర్డ్ కూడా ఉంది. వేరే ఊళ్లో ఉన్న రచయితతో కలిసి రాసేటప్పుడు అవే వాడతాను, వేరే దారి లేదు. కార్డు కదిపితే సీన్ కూడా కదులుతుంది, అది పెద్ద సౌకర్యం. కానీ స్క్రీన్ మీద 70 కార్డులు చదవగలిగే సైజులో ఒకేసారి కనపడవు. వంగి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక కార్డును ఈ చివరి నుంచి ఆ చివరికి మోసుకెళ్లేటప్పుడు ఆలోచించే సమయం దొరుకుతుంది. మౌస్‌తో ఆ సమయం దొరకదు.

వాడేవాళ్లకు మూడు జాగ్రత్తలు. పెన్సిల్‌తో రాయండి. వెనకవైపు నంబరు, తేదీ వేయండి. నంబర్లు వేయని కట్ట ఒకటి ఒక మీటింగ్‌కు గంట ముందు నా చేతిలోంచి జారి చెల్లాచెదురైంది, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. రోజూ లేచే ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీయండి, నిన్నటి వరుసే బాగుందని ఎన్నోసార్లు అనిపిస్తుంది.

మొదటి స్క్రిప్టు రాస్తున్నవాళ్లు, మధ్యలో ఆగిపోతున్నవాళ్లు 70 కార్డులతోనే మొదలుపెట్టండి. చివరి దాకా వెళ్లడం మీకు ముందు కావాలి. కథ చివరి దాకా వెళ్లడం వచ్చినవాళ్లు మాత్రం కార్డులను డ్రాఫ్ట్ తర్వాతకు వాయిదా వేసి చూడండి.

ఎనిమిదో స్క్రిప్టు ఇప్పుడు 31వ పేజీలో ఉంది. గోడ మీద పన్నెండు కార్డులున్నాయి. కొత్త ప్యాకెట్ సీలు ఇంకా తీయలేదు.